అపెండిక్స్ ఆపరేషన్: నొప్పి మొదలైన గంట నుంచి కుట్లు మానేదాకా ఏం చేయాలి, సర్జన్‌ను ఎలా చూసుకోవాలి

రాత్రి పదకొండింటికి బొడ్డు చుట్టూ ఎవరో మెలిపెడుతున్నట్టుందన్నాడు మా తమ్ముడు. గ్యాస్ అనుకున్నాం. ఇంట్లో ఉన్న మాత్ర ఒకటి మింగి పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి చూస్తే కుడికాలు పొట్టకు దగ్గరగా మడుచుకుని, కదలకుండా పడుకుని ఉన్నాడు. నొప్పి ఇప్పుడు బొడ్డు దగ్గర లేదట, కుడివైపు కిందికి దిగిందట. కారులో కూర్చోబెట్టి బయలుదేరితే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా సీటు అంచు గట్టిగా పట్టుకుని "మెల్లగా పోనీ అక్కా" అంటున్నాడు. తర్వాత సర్జన్ గారు మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి సరిగ్గా అదే: "వచ్చేటప్పుడు దారిలో కుదుపులకు నొప్పి ఎక్కువైందా?"

ఆ రాత్రి నాకు తెలియక చేసిన తప్పులు, తెలిసో తెలియకో చేసిన మంచి పనులు కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. అపెండిక్స్ విషయంలో "మంచి సర్జన్‌ను వెతుక్కోవడం" అనేది ఒక్క పని కాదు. నొప్పి మొదలై ఆసుపత్రికి పరుగెత్తే కేసులో వెతకడానికి మీకు గంటో రెండు గంటలో ఉంటాయి. అప్పుడు మీరు ఎంచుకునేది ఆసుపత్రిని, డాక్టర్‌ను కాదు. మందులతో తగ్గించి కొన్ని వారాల తర్వాత ఆపరేషన్ పెట్టుకునే కేసులోనే సర్జన్‌ను తీరిగ్గా ఎంచుకోగలరు. మీరు ఈ రెండింటిలో ఎందులో ఉన్నారో ముందు తేల్చుకోండి.

ఇంతకీ ఆ తోక ఏమిటి

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, పెద్దపేగు మొదటి భాగానికి వేలాడుతూ చిటికెన వేలంత సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. పొడవు మామూలుగా 6 నుంచి 10 సెంటీమీటర్లు. ఒక చివర పేగులోకి తెరుచుకుని ఉంటుంది, రెండో చివర మూసుకుని ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని ఉండుకం అంటారు గానీ, ఆ మాట అంటే ఆసుపత్రిలో ఎవరికీ అర్థం కాదు. అపెండిక్స్ అనే అనండి.

గట్టిపడిన మలపు ఉండ అడ్డుపడటం వల్లనో, గొట్టం గోడలోని కణజాలం వాచడం వల్లనో దాని నోరు మూసుకుపోతే లోపల ఊరే ద్రవానికి దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి, గోడకు రక్తం అందడం తగ్గుతుంది. చివరికి ఆ గోడ చిల్లుపడుతుంది. నొప్పి మొదలైన దగ్గర్నుంచి మొదటి 24 నుంచి 36 గంటలు దాటే కొద్దీ చిల్లుపడే ప్రమాదం పెరుగుతూ పోతుంది. మన పెద్దవాళ్ళు దీన్ని 24 గంటల నొప్పి అన్నది ఊరికే కాదు. అయితే ఆ పేరును మరీ అక్షరాలా పట్టుకోవద్దు. కొందరిలో ఇంకా ముందే పగులుతుంది, కొందరిలో రెండు రోజులైనా పగలదు.

పండ్ల గింజలు మింగితే అపెండిక్స్ వస్తుందనే భయం చాలామందిలో ఉంటుంది. అలా జరగడం బహు అరుదు. తమాషా ఏమిటంటే, చరిత్రలో నమోదైన మొట్టమొదటి అపెండిక్స్ ఆపరేషన్‌లో దోషి నిజంగానే మింగిన వస్తువు. 1735లో లండన్‌లో క్లాడియస్ అమియాండ్ అనే సర్జన్ 11 ఏళ్ళ పిల్లవాడికి హెర్నియా ఆపరేషన్ చేస్తుంటే, అందులోకి జారిన అపెండిక్స్ కనిపించింది. దాన్ని చిల్లుపొడిచింది ఒక గుండుసూది. పిల్లవాడు బతికాడు. మత్తుమందు కనిపెట్టడానికి ఇంకా వందేళ్ళకు పైగా ఉంది, అది తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

మొదటి పని: నొప్పి ఎటు నడుస్తోందో చూడండి

ఎంత నొప్పి అన్నదాని కంటే ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్ళింది అన్నది ముఖ్యం. చాలామందిలో బొడ్డు చుట్టూ, ఇదమిత్థంగా చూపించలేని నొప్పిగా మొదలవుతుంది. కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులో ఒక చోట స్థిరపడుతుంది. అప్పుడు వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలుగుతారు. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక ముందు మొనకు ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. తుంటి వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉండే చోటే సాధారణంగా ఆ "ఇక్కడే". చార్లెస్ మెక్‌బర్నీ అనే అమెరికన్ సర్జన్ 1889లో దీన్ని వర్ణించాడు కాబట్టి డాక్టర్లు ఇప్పటికీ మెక్‌బర్నీ పాయింట్ అనే అంటారు.

నొప్పితో పాటు ఆకలి చచ్చిపోవడం, వికారం, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. వాంతులు వస్తే సాధారణంగా నొప్పి తర్వాతే వస్తాయి. ముందు వాంతులు, విరేచనాలు మొదలై తర్వాత నొప్పి వస్తే అది కడుపులో ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. దగ్గినా, నడిచినా, మునివేళ్ళ మీద లేచి ధబ్బున మడమల మీదికి దిగినా కుడివైపు కలుక్కుమంటే జాగ్రత్తపడాలి. పొట్టను మీరే పదేపదే నొక్కి చూసుకోవద్దు. ఆ పని చేతికి అలవాటైన వాళ్ళు ఒక్కసారి చేస్తే చాలు.

అందరిలోనూ ఇలా పాఠంలో చెప్పినట్టు రాదు, చిక్కంతా అక్కడే. అపెండిక్స్ పేగు వెనక్కి తిరిగి ఉంటే నొప్పి నడుము పక్కన తెలుస్తుంది. కిందికి కటిభాగంలోకి వేలాడితే మూత్రంలో మంటలాగానో, కొద్దికొద్దిగా విరేచనాల్లాగానో కనిపిస్తుంది. గర్భిణుల్లో పెరుగుతున్న గర్భసంచి దాన్ని పైకి నెట్టవచ్చు. చిన్నపిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు, వృద్ధుల్లో జ్వరం గానీ నొప్పి గానీ అంతగా బయటపడవు. అందుకే ఈ రెండు వయసుల వాళ్ళూ చిల్లుపడ్డాక ఆసుపత్రికి చేరడం ఎక్కువ. వీళ్ళ విషయంలో "కాసేపు చూద్దాం" అనుకోకండి.

ఇంకొకటి, ఇది అస్సలు మర్చిపోకూడనిది. గంటల తరబడి మెలిపెట్టిన నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే సంతోషించవద్దు. లోపలి ఒత్తిడి పగిలి బయటపడినప్పుడు కూడా కాసేపు హాయిగా అనిపిస్తుంది. తర్వాత పొట్ట మొత్తం బిగుసుకుపోయి, జ్వరం పెరుగుతుంది. అప్పుడు విషయం చాలా ముదిరినట్టు.

ఇంట్లో చేయకూడనివి

తినడం, తాగడం ఆపేయండి. ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు కావాలి. విరేచనాల మందు, ఎనిమా జోలికి అస్సలు పోవద్దు, వాచిన గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. వేడి కాపడం కూడా వద్దు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు మాత్రలు వేసుకుంటే జబ్బు తగ్గదు గానీ లక్షణాలు మసకబారి డాక్టర్‌కు కనిపించకుండా పోతాయి.

నొప్పి మాత్ర సంగతి వేరు. నొప్పి తగ్గితే జబ్బు పట్టుకోలేరని ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా నొప్పి ఇంజెక్షన్ ఇవ్వడానికి వెనుకాడేవారు. ఇప్పుడు ఆ పట్టింపు లేదు, పరీక్ష చేసేటప్పుడే నొప్పి తగ్గించే మందు ఇస్తారు. కాబట్టి అక్కడ అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో మాత్రం మాత్ర మీద మాత్ర వేసుకుంటూ తెల్లారేదాకా నెట్టుకురావద్దు. ఒక్క మాత్రతోనే అయినా, మేం చేసింది దాదాపు అదే.

రెండో పని: గంటలో ఆసుపత్రిని తేల్చుకోండి

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాను. అక్కడున్నాయన పొట్ట మీద చెయ్యి కూడా వేయకుండా గ్యాస్ ఇంజెక్షన్ ఒకటి పొడిచి, పొద్దున స్కానింగ్ తీయించుకోమన్నాడు. అదృష్టం కొద్దీ ఇంటికి తిరిగి రాకుండా అక్కడి నుంచే పెద్ద ఆసుపత్రికి పోనిచ్చాను. రెండు చోట్లకు తిరగడంలో గంటన్నర పోయింది.

అపెండిక్స్ ఆపరేషన్ జనరల్ సర్జన్లు దాదాపు అందరూ చేసేదే, శిక్షణలో మొదట నేర్చుకునే వాటిలో ఇదీ ఒకటి. కాబట్టి పేరున్న సర్జన్ కోసం ఊరు దాటి మూడు గంటలు ప్రయాణం చేయడం కంటే, కింద చెప్పినవి ఉన్న దగ్గరి ఆసుపత్రికి అరగంటలో చేరడం మేలు. బయలుదేరే ముందు ఒక్క ఫోన్ చేసి అడగండి: డ్యూటీ డాక్టర్ కాకుండా సర్జన్ ఈ వేళకు అందుబాటులో ఉన్నారా? మత్తు డాక్టర్ ఉన్నారా, ఎంతసేపట్లో వస్తారు? ఈ రాత్రే ఆపరేషన్ థియేటర్ నడుస్తుందా? స్కానింగ్ తీసి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళు ఉన్నారా? పరిస్థితి విషమిస్తే ఐసీయూ ఉందా? ఈ ఐదింటికీ తడుముకోకుండా జవాబు వస్తే చాలు. "ముందు మీరు వచ్చేయండి, చూద్దాం" అని దాటేస్తే ఇంకో నంబర్‌కు చేయండి.

రోగి ఐదేళ్ళ లోపు పిల్లవాడైతే పిల్లల సర్జన్, పిల్లలకు మత్తు ఇవ్వడం అలవాటున్న డాక్టర్ ఉన్న చోటుకు వీలైతే వెళ్ళండి. గర్భిణి అయితే ప్రసూతి విభాగం కూడా అదే కప్పు కింద ఉండాలి. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు ఐసీయూ ఉండి తీరాలి. ఈ మూడు సందర్భాల్లో కాస్త దూరమైనా ఫర్వాలేదు.

సర్జన్ దొరక్కపోవడమంటే ఎలా ఉంటుందో తెలియాలంటే లియోనిద్ రొగోజోవ్ గురించి తెలుసుకోవాలి. 1961 ఏప్రిల్‌లో అంటార్కిటికాలోని సోవియట్ స్థావరంలో ఆయన ఒక్కడే డాక్టర్. ఆయనకే అపెండిక్స్ వచ్చింది. మంచు తుఫానులో బయటికి వెళ్ళే దారి లేదు. చర్మానికి మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ చేసుకుని, ఒకరు అద్దం పట్టుకుంటే మరొకరు పరికరాలు అందిస్తుంటే, తన అపెండిక్స్ తానే తీసేసుకున్నాడు. దాదాపు రెండు గంటలు పట్టింది. రెండు వారాల్లో మళ్ళీ డ్యూటీలో చేరాడు. మనకు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది కదా, వాడుకుందాం.

బయలుదేరేటప్పుడు ఒక సంచిలో పాత రిపోర్టులు, రోజూ వేసుకునే మందుల చీటీ, గుర్తింపు కార్డు, ఇన్సూరెన్స్ ఉంటే దాని కార్డు, ఫోన్ ఛార్జర్ పడేయండి. నొప్పి ఎన్నింటికి మొదలైంది, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు వాంతి అయింది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. క్యాజువాలిటీలో నలుగురు నాలుగుసార్లు ఇవే అడుగుతారు, టెన్షన్‌లో ప్రతిసారీ ఒక్కో టైమ్ చెబుతాం.

మూడో పని: పరీక్షలు ఎందుకో అర్థం చేసుకోండి

రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయా, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ పెరిగిందా చూస్తారు. మూత్రపరీక్ష కిడ్నీ రాయినీ, మూత్రంలో ఇన్ఫెక్షన్‌నీ వేరు చేయడానికి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలకు గర్భపరీక్ష తప్పనిసరిగా చేస్తారు. ట్యూబులో నిలిచిన గర్భం గానీ, మెలిపడిన అండాశయపు తిత్తి గానీ అచ్చం ఇలాగే నొప్పి పెడతాయి. చివరి నెలసరి తేదీ అడిగితే సిగ్గుపడకుండా సరిగ్గా చెప్పండి.

ఇక స్కానింగ్. సన్నగా ఉండేవాళ్ళలో, పిల్లల్లో, గర్భిణుల్లో అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు. నొక్కితే అణగకుండా, 6 మిల్లీమీటర్ల కంటే లావుగా కనిపించే అపెండిక్స్‌ను వాచినట్టు లెక్కవేస్తారు. అయితే అల్ట్రాసౌండ్‌లో "అపెండిక్స్ కనిపించలేదు" అని వస్తే అపెండిక్స్ బాగుందని అర్థం కాదు. పేగులో గ్యాస్ అడ్డుపడి కనిపించి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు సీటీ స్కాన్ అడుగుతారు. పెద్దవాళ్ళలో ఇదే ఎక్కువ నమ్మకమైనది. గర్భిణులకు రేడియేషన్ లేని ఎంఆర్‌ఐ వైపు వెళతారు. కేస్ షీట్‌లో అల్వరాడో స్కోర్ 7 అనో 8 అనో రాసి ఉంటే కంగారుపడకండి. లక్షణాలకూ, రక్తపరీక్షకూ కలిపి 10కి వేసే మార్కులవి. ఎక్కువ వచ్చే కొద్దీ అపెండిసైటిస్, అంటే అపెండిక్స్ వాపు, అయ్యే అవకాశం ఎక్కువ.

నాలుగో పని: ఆపరేషనా, మందులా?

"మందులతో తగ్గదా డాక్టర్ గారూ?" అని అడగడం తప్పేం కాదు. చిల్లుపడని మామూలు వాపు చాలామందిలో యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. కానీ అక్కడితో కథ అయిపోదు. 2020లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరిశోధనలో మందులతో మొదలుపెట్టిన ప్రతి పదిమందిలో ముగ్గురికి మూడు నెలల లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గొట్టంలో మలపు ఉండ గట్టిపడి ఉన్నవాళ్ళలో అది పదికి నలుగురు. ఫిన్లాండ్‌లో ఐదేళ్ళు గమనించిన మరో పరిశోధనలో పదిమందిలో దాదాపు నలుగురికి జబ్బు తిరగబెట్టింది. కాబట్టి స్కాన్ రిపోర్ట్‌లో ఆ రాయిలాంటి ఉండ ఉందా లేదా అని అడిగి తెలుసుకోండి. ఉంటే నా ఓటు ఆపరేషన్‌కే. అది లేకుండా, ఆరోగ్యం బాగుండి, ఆసుపత్రికి దగ్గర్లో ఉండేవాళ్ళు మందులు ఎంచుకుంటే నేను కాదనను. రెండు నెలల్లో పరీక్షలో, పెళ్ళో, దూరప్రయాణమో పెట్టుకున్నవాళ్ళు మాత్రం రెండుసార్లు ఆలోచించుకోవాలి.

ఆలస్యంగా వచ్చినవాళ్ళలో ఒక్కోసారి పేగులు, కొవ్వు పొర కలిసి వాచిన అపెండిక్స్ చుట్టూ అతుక్కుని గడ్డలా తయారవుతాయి. దాన్ని వెంటనే కోస్తే పేగుకే దెబ్బ తగలొచ్చు. అందుకని ముందు సెలైన్, యాంటీబయాటిక్స్ ఇచ్చి, చీము చేరితే సూదితో గానీ గొట్టంతో గానీ తీసి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అవసరాన్ని బట్టి ఆపరేషన్ చేస్తారు. నలభై దాటినవాళ్ళలో ఈలోపు పెద్దపేగు లోపల కెమెరాతో చూడటం మంచిది, గడ్డ వెనక ఇంకేదైనా దాక్కుని ఉందేమో తేలిపోతుంది.

సర్జన్‌ను తీరిగ్గా వెతుక్కునే కేసు ఇదే. ఇద్దరిని కలవండి. మీ దేశపు వైద్య మండలిలో ఆయన లేదా ఆమె పేరు నమోదై ఉందో లేదో చూసుకోండి. ఆ రిజిస్ట్రేషన్ నంబర్ మందుల చీటీ మీదే ఉంటుంది చాలాసార్లు. మీ ఫ్యామిలీ డాక్టర్‌ను "మీ ఇంట్లోవాళ్ళకైతే ఎవరి దగ్గరికి పంపుతారు?" అని అడగండి. ఇంటర్నెట్‌లో నక్షత్రాల కంటే ఆ జవాబు విలువైనది. నక్షత్రాలు ఎక్కువగా రిసెప్షన్‌లో మాట తీరుకూ, పార్కింగ్‌కూ పడతాయి. థియేటర్ నర్సులు, మత్తు డాక్టర్లు ఎవరైనా తెలిసినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. ఎవరి చెయ్యి ఎలాంటిదో రోజూ చూసేది వాళ్ళే.

ఇంకో రకం కూడా ఉంది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు, రక్తపరీక్ష మామూలే. వేరే ఏదో పని మీద తీసిన స్కాన్‌లో "అపెండిక్స్ కొద్దిగా లావుగా ఉంది" అని రాశారు. రేపే ఆపరేషన్ అంటున్నారు. ఇక్కడ ఆగండి. రిపోర్ట్ తీసుకుని ఇంకో సర్జన్‌కు చూపించండి. మనిషికి వైద్యం చేయాలి గానీ కాగితానికి కాదు. ఇంకొకరిని అడుగుతానంటే చిన్నబుచ్చుకునే డాక్టర్ దగ్గర మీకు పని లేదు.

ఐదో పని: సంతకం పెట్టే ముందు

అర్ధరాత్రి అయినా సర్జన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడే హక్కు మీకుంది. లాప్రోస్కోపీనా (చిన్న గాట్లలోంచి కెమెరాతో చూస్తూ చేసేది), ఓపెనా (పొట్ట కోసి చేసేది)? మధ్యలో లాప్రోస్కోపీ కుదరక కోసి చేయాల్సి వచ్చే అవకాశం ఎంత? చిల్లుపడిందని అనుమానం ఉందా? లోపల అపెండిక్స్ మామూలుగా కనిపిస్తే తీస్తారా, వదిలేస్తారా? కత్తి పట్టేది మీరేనా, మీ పర్యవేక్షణలో జూనియరా? ఈ చివరిది అడగడానికి నాకూ నోరు రాలేదు, మా తమ్ముడే అడిగేశాడు. మా సర్జన్ గారు నవ్వి, "కోత నాది, కుట్లు మా పిల్లవాడివి, నేను పక్కనే ఉంటాను" అన్నారు. అంత స్పష్టమైన జవాబు వస్తే ధైర్యంగా సంతకం పెట్టొచ్చు.

మధ్యలో ఓపెన్‌కు మారడం వైఫల్యం అనుకోకండి. లోపల కనిపించినదాన్ని బట్టి క్షేమమైన దారి ఎంచుకోవడం అది.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు, ఉబ్బసం, ఏదైనా మందు పడకపోవడం, కుటుంబంలో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చి ఉండటం, కదిలే పన్ను, కట్టుడు పళ్ళు. మత్తు డాక్టర్ ఇవన్నీ అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి. మామూలుగా ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. "ఒక్క గుక్క తాగాను" అన్నది కూడా దాచవద్దు. మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే అపెండిక్స్ కంటే పెద్ద సమస్య అవుతుంది.

అడ్మిట్ చేసుకుని సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక "ఆపరేషన్ పొద్దున ఎనిమిదింటికి" అంటే గొడవ పెట్టుకోవద్దు. చిల్లుపడని కేసుల్లో ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండగా కొన్ని గంటలు, 24 గంటల దాకా ఆగినా నష్టం లేదని తేలింది. ఇంట్లో పడుకుని ఆగడం, ఆసుపత్రిలో ఆగడం ఒకటి కావు.

థియేటర్ లోపల

పూర్తి మత్తు ఇస్తారు. లాప్రోస్కోపీ అయితే బొడ్డు దగ్గర ఒకటి, పొత్తికడుపులో రెండు, మొత్తం మూడు చిన్న గాట్లు. ఒక్కోటి అర సెంటీమీటర్ నుంచి సెంటీమీటర్ పైచిలుకు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి ఉబ్బిస్తారు, అప్పుడే లోపల పనిచేయడానికి చోటు దొరుకుతుంది. అపెండిక్స్‌కు రక్తం తెచ్చే నాళాన్ని మూసి, మొదలు దగ్గర దారపు ఉచ్చుతోనో, స్టేప్లర్‌తోనో బిగించి కత్తిరించి, చిన్న సంచిలో వేసి బయటికి లాగుతారు. మామూలు కేసు అరగంట నుంచి గంట. చీము పట్టి ఉంటే కడిగి శుభ్రం చేయడానికి ఇంకాసేపు పడుతుంది, ఒక్కోసారి పక్కన డ్రెయిన్ గొట్టం పెట్టి వదులుతారు. ఈ పద్ధతిని మొదట 1980లో చేసింది జర్మనీకి చెందిన కర్ట్ జెమ్ అనే స్త్రీల వైద్యుడు. అప్పట్లో తోటి సర్జన్లే ఆయన మీద విరుచుకుపడ్డారు. ఓపెన్ పద్ధతిలో కుడివైపు కింద ఒకటే గాటు. పరికరాలు లేని చోట, కొన్ని క్లిష్టమైన కేసుల్లో ఇప్పటికీ అదే మంచిది.

మాకు తెల్లారి తొమ్మిదింటికి థియేటర్ తలుపు కొంచెం తెరిచి, స్టీల్ ట్రేలో చూపించారు. ఉబ్బి, ఎర్రగా, చివర నల్లబడిన చిన్న ముక్క. "ఇంకొన్ని గంటలైతే ఈ నల్లటి చోటే పగిలేది" అన్నారు సర్జన్ గారు. అంత చిన్నదాని కోసమా రాత్రంతా అనిపించింది.

ఆపరేషన్ తర్వాత

మెలకువ వచ్చాక కుడి భుజం నొప్పి అంటే భయపడకండి. లోపల మిగిలిన గ్యాస్ పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండరపు పొరను (డయాఫ్రమ్‌ను) తాకడం వల్ల వచ్చేదే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నర్సు వచ్చి "గ్యాస్ పోయిందా?" అని పదిసార్లు అడుగుతుంది. పేగులు మళ్ళీ పని మొదలుపెట్టాయో లేదో దాంతో తెలుస్తుంది. అదే రోజు లేచి నాలుగడుగులు నడవాలి. దగ్గేటప్పుడు పొట్టకు చిన్న దిండు అదిమి పట్టుకుంటే కుట్లు లాగవు, ఇది మా వార్డులో పక్క మంచం పెద్దావిడ నేర్పిన కిటుకు.

మామూలు కేసుల్లో ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. చిల్లుపడి ఉంటే యాంటీబయాటిక్స్ కోసం ఇంకొన్ని రోజులు ఉండాలి. కూర్చుని చేసే పనికి వారం, రెండు వారాల్లో వెళ్ళొచ్చు. బరువులెత్తే పనికి, ముఖ్యంగా ఓపెన్ అయితే, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. తిండికి జీవితాంతం పథ్యాలేమీ లేవు, అపెండిక్స్ లేకపోతే జీర్ణానికి తేడా పడదు.

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, గాటు ఎర్రబడి చీము కారినా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, పొట్ట ఉబ్బిపోయి గ్యాస్ పోకపోయినా, పిక్క వాచినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్ళండి. చిల్లుపడిన కేసుల్లో వారం తర్వాత లోపల చీముగడ్డ కట్టడం ఉంటుంది. "ఆపరేషన్ అయిపోయిందిగా" అని ఆ జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు చాలామంది మర్చిపోయేది బయాప్సీ రిపోర్ట్. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపుతారు. సుమారు వందలో ఒకరికి అందులో ఊహించని చిన్న కణితి కనిపిస్తుంది. చాలావరకు తీసేయడంతోనే అయిపోతుంది, కొందరికి మాత్రం ఇంకా వైద్యం కావాలి. ఆ రిపోర్ట్ అడిగి తీసుకుని, డిశ్చార్జ్ సమ్మరీతో కలిపి ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత ఎప్పుడో పొట్టనొప్పితో వెళితే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "అపెండిక్స్ ఉందా, తీసేశారా?" అనే. అప్పటికి ఆ మూడు చిన్న మచ్చలు వెతికినా కనిపించకపోవచ్చు.